పొలిమేర లోయ

మా వైపు ఒక ఆచారం ఉండేది. పుట్టిన బిడ్డలు దక్కకుండా పోతున్న ఇంట్లో మళ్లీ ఒక పసికందు కేరుమంటే, చాటలో వేసి పెంటకుప్ప దాకా తీసుకెళ్లి, అక్కడ ఒక్క క్షణం పడుకోబెట్టి, ఎవరి బిడ్డో దొరికినట్టు మళ్లీ ఎత్తుకొచ్చేవాళ్లు. పేరు పెంటయ్య. ఆడపిల్లయితే పెంటమ్మ. ఇలాంటి పేరున్నవాళ్లను తీసుకెళ్లి ఏం చేసుకుంటాంలే అని చావు గుమ్మం దాకా వచ్చి వెనక్కి మళ్లుతుందని నమ్మకం. తొంభై ఏళ్లు బతికి మునిమనవల బారసాలలు చూసిన పెంటయ్యలు ఎంతమంది లేరు!

టాడ్‌మోర్డెన్! నీ పేరు పలికినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. జర్మన్‌లో టోడ్ అంటే చావు. ఫ్రెంచిలో మోర్ అంటే చావు. రెండు చావులు గుచ్చి మెడలో వేసుకున్న ఊరని నిన్ను ఎగతాళి చేసేవాళ్లున్నారు. భాష తెలిసినవాళ్లు చెప్పేది వేరు. టొట్టా అనే పాతకాలపు మనిషెవరో, అతని పొలిమేర, ఆ పొలిమేర సాగిన లోయ, ఈ మూడూ కలిసి నీ పేరయిందంటారు. టొట్టా ఏ పంట పండించాడో, ఎవరితో గట్టు తగాదా పడ్డాడో ఎవరికీ పట్టదు. నాకు మాత్రం రెండర్థాలూ కావాలి. ఒకటి నిన్ను దిష్టి తగలకుండా కాసింది. రెండోది నువ్వెక్కడ నిలబడ్డావో చెప్పింది.

ఇంగ్లండుకు వెన్నెముక అని పెనైన్ కొండలను అంటారు. ఆ వెన్ను మీద ఒక మడతలో నువ్వున్నావు. పడమట లాంకషైరు, తూర్పున యార్క్‌షైరు. మూడు ఇరుకు లోయలు వచ్చి నీ దగ్గర కలుస్తాయి. కాల్డర్ నది నీ ఇళ్ల వెనక నుంచి, వంతెనల కింది నుంచి, కొన్నిచోట్ల ఉందో లేదో తెలియనంత ఒదిగి పారుతుంది. జనాభా 15 వేల పైచిలుకు. మా లెక్కలో ఒక మేజర్ పంచాయతీ. నీ వాళ్లు ముద్దుగా పిలిచే పేరు టాడ్. ఇంట్లో పిలిచే పేరు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది.

నీ వానకు ఒక దండం. అది లేకపోతే నువ్వు లేవు. పొడిగాలిలో నూలుపోగు తెగుతుంది, చెమ్మ తగిలితే నిలుస్తుంది. మా నేతగాళ్లు గుంటమగ్గంలో కాళ్లు దింపుకుని కూర్చుంటారు. నేల చెమ్మ పోగుకు మంచిదంటారు. నీకు గుంట తవ్వే పని లేదు. లోయంతా గుంటే. ఆకాశమే రోజూ నీళ్లు చిలకరించేది. అలాంటి వానలో తడిసి, ఆపైన నూరేళ్లు బొగ్గు పొగ తాగి నీ ఇసుకరాతి గోడలు నల్లబడ్డాయి. ఆ నలుపు కొన్ని గోడలకు ఇంకా వదల్లేదు. నాకు అదే నచ్చుతుంది. వంటింటి గోడ నల్లగా లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందని ఎలా నమ్మడం?

పొలిమేర సంగతి చెప్పాలి. నీ నడిబొడ్డున వాల్స్‌డెన్ వాటర్ అనే వాగు పారుతుంది. ఒకప్పుడు రెండు కౌంటీలకు అదే హద్దు. వాగుకు ఇవతల ఒక ఏలుబడి, అవతల ఇంకొకటి. అలాంటి చోట ఎవరైనా ఏం చేస్తారు? గోడ కడతారు, లేదా టోల్‌గేటు పెడతారు. నువ్వు ఆ వాగు మీదే టౌన్‌హాలు కట్టావు. 1875లో తలుపులు తీశావు. జాన్ గిబ్సన్ గీసిన నమూనా. బారులు తీరిన రాతి స్తంభాలతో, ఏ గ్రీకు దేవళమో దారి తప్పి ఈ వాన లోయకు వచ్చినట్టుంటుంది. కింద నీళ్లు పారుతుంటాయి, పైన సభ జరుగుతుంటుంది. నాట్యశాలలో చేయీ చేయీ పట్టుకున్న జంట లాంకషైరులో అడుగు వేసి యార్క్‌షైరులో గిరికీ కొట్టి మళ్లీ లాంకషైరుకు వచ్చేది. పాట అయ్యేలోపు ఎన్నిసార్లు హద్దు దాటారో వాళ్లకే తెలియదు.

ముఖద్వారం మీద త్రికోణంలో ఇద్దరు రాతి ఆడవాళ్లున్నారు. ఒకామె లాంకషైరు, ఆమె పక్కన పత్తి పని. రెండో ఆమె యార్క్‌షైరు, ఆమె పక్కన ఉన్ని, ఇనుము, సేద్యం. తోడికోడళ్లలా ఒకే గద్దె మీద ఉన్నారు. 1888లో వచ్చిన చట్టం హద్దును జరిపి నిన్ను మొత్తంగా యార్క్‌షైరులో కలిపింది. హద్దు జరిగింది గానీ తోడికోడళ్లు జరగలేదు. ఆ చట్టం వచ్చాక కూడా నీ క్రికెట్ జట్టు లాంకషైరు లీగులోనే ఆడుతూ వచ్చింది. ఏ గుమాస్తా గీత గీసినా, ఆటకు పిలిచే చుట్టాలు మారరు కదా.

మా ఊళ్లలో పొలిమేరకు పోలేరమ్మను కాపలా పెడతాం. వచ్చే రోగాన్ని, వచ్చే పీడను ఊళ్లోకి రానివ్వకుండా అక్కడే ఆపమని మొక్కుతాం. పొలిమేర అంటే మాకు భయం ఉండే చోటు, వేపమండలు కట్టే చోటు. నీకు అది నాట్యం చేసే చోటు. ఈ తేడా తలుచుకున్నప్పుడల్లా నాకు నీ మీద కాస్త అసూయ పుడుతుంది.

పొగిడేముందు ఒక పాత లెక్క తేల్చుకోవాలి. మొహమాటపడితే స్తోత్రం భట్రాజు పొగడ్త అవుతుంది.

నీకు మొదట తెలిసింది ఉన్ని. కొండల మీద, గాలి విసురులో, వరుస కిటికీల రాతి ఇళ్లలో ఇంటిల్లిపాదీ రాట్నమూ మగ్గమూ పెట్టుకుని బతికారు. ఒక చెయ్యి మగ్గానికి, ఒక చెయ్యి నాలుగు గొర్రెలకు. ఆ కాలంలో పత్తిబట్ట అంటే మాది. మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి పోయి లండన్ దొరసానుల గౌన్లయ్యాయి. చెట్టు కషాయంతో వేసిన రంగు, ఉతికేకొద్దీ తేలే రంగు. దాన్ని తట్టుకోలేక నీ దేశం 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం చేసి మా అద్దకాలను వాకిట్లోనే ఆపింది. ఆ నీడలో లాంకషైరు పత్తి మొలకెత్తింది. నూరేళ్లు తిరిగేసరికి మరబట్ట మా సంతల్లో పరుచుకుంది. మా మగ్గాలు ఒక్కొక్కటే మూగబోయాయి. నీ మరలు తిన్న అమెరికా పత్తిని ఏరినవి బానిసల చేతులు. ఇదంతా నీ ఒక్కదాని పాపం అనను. కానీ నీ రాతిలో ఇదీ ఉంది.

1782లో జాషువా ఫీల్డెన్ అనే క్వేకరు మతస్థుడు కొండ మీది పొలం వదిలి కిందికి దిగాడు. లేన్‌సైడ్ అనేచోట మూడు చిన్న ఇళ్లు తీసుకుని నూలు వడికే జెన్నీలు పెట్టాడు. మూడంటే మూడు ఇళ్లు. ఆ మూడిళ్లలోంచి పెరిగిన కంపెనీ కొడుకుల కాలానికి ప్రపంచంలోనే పెద్ద పత్తి సంస్థల్లో ఒకటయింది. నువ్వు కొండ దిగి లోయలోకి వచ్చింది ఆ నూలుపోగు పట్టుకునే. ముందు ఏటి నీరు చక్రం తిప్పింది, తర్వాత ఆవిరి. 1804లో రాచ్‌డేల్ కాలువ వచ్చింది, పెనైన్ కొండలను దాటిన మొదటి కాలువ అది. 1841లో రైలు వచ్చింది. మాంచెస్టరు వైపు కొండను తొలిచి వేసిన సమ్మిట్ సొరంగం పూర్తయిన రోజున లోకంలో అంత పొడవైన రైలు సొరంగం ఇంకొకటి లేదు. ఇంత ఇరుకు లోయలో నది, కాలువ, రోడ్డు, రైలు ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్న తీరు చూస్తే, చిన్న ఇంట్లో పెద్ద సంసారం చేసిన ఇల్లాలు గుర్తొస్తుంది. ఎవరి చాప ఎక్కడ పరచాలో ఆమెకే తెలుసు.

ఫీల్డెన్ కొడుకుల్లో జాన్ మీద నాకు గౌరవం. పదేళ్ల వయసులో తండ్రి మిల్లులోనే పనికి దిగినవాడు. చిన్న కాళ్లు రాత్రికి ఎంత నొప్పి పెడతాయో వాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. పెద్ద మిల్లు యజమాని అయ్యాక పార్లమెంటుకు పోయి, ఆడవాళ్లనూ పిల్లలనూ రోజుకు పది గంటలకు మించి మిల్లులో ఉంచకూడదన్న బిల్లును 1847లో గట్టెక్కించాడు. ఫ్యాక్టరీ పద్ధతి ఎంత శాపమో 1836లోనే పుస్తకం రాశాడు. సొంత గల్లాపెట్టెకు నష్టమని తెలిసీ రాసిన యజమానులు ఏ దేశంలోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే. పేదలను ఇళ్లు విడిపించి వర్క్‌హౌస్‌లో పెట్టాలన్న కొత్త చట్టం వస్తే, ఆయన మిల్లులు మూసి నిరసన తెలిపాడు. 1838 నవంబరులో నీ జనం తిరగబడ్డారు. ఆ చట్టం పేరున సామాను జప్తు చేయడానికి వచ్చిన జవాన్లను మాంకిన్‌హోల్స్ దగ్గర తరిమికొట్టారు. దొమ్మీ జరిగింది, సైన్యం దిగింది. అయినా దాదాపు నలభై ఏళ్లు ఆ వర్క్‌హౌస్‌ను నీ నేల మీద లేవనివ్వలేదు నువ్వు. ఆ మొండితనానికి ఒక దండం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయింది. పత్తి ఓడలు ఆగాయి. లాంకషైరు లోయలన్నిటా మిల్లు గొట్టాలు పొగ మానాయి, దాంతోపాటే పొయ్యిలు. హిందూదేశపు పత్తి వచ్చింది గానీ దాని పింజ పొట్టి. మరల మీద పోగు నిలవలేదని నేతగాళ్లు విసుక్కున్నారు. పొట్టి పింజను ఎలా లాలించాలో మా పొందూరు ఆడవాళ్లకు తెలుసు. మరకు ఆ ఓపిక ఎక్కడిది? కరువుపనిగా అప్పుడు కొండల మీద వేయించిన రోడ్లు ఆ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. వాటి మీద ఇప్పుడు వారాంతంలో సరదాకు నడుస్తారు. ఆ రాళ్లు పేర్చినవాళ్లకు నడక సరదా కాదు.

1931లో గాంధీగారు లాంకషైరు వచ్చారు, డార్వెన్‌కు. ఖద్దరు ఉద్యమం దెబ్బకు పని పోయిన మిల్లు కూలీలనే కలవడానికి. రాళ్లు పడతాయనుకున్నవాళ్లున్నారు. మిల్లు ఆడవాళ్లు చుట్టూ మూగి జేజేలు కొట్టారు. ఆ ఫొటో చూసినవాళ్లు మరచిపోలేరు. అన్నం పోయిన రెండు వైపుల వాళ్లు ఎదురుపడినప్పుడు ఇలా జరుగుతుంది కొన్నిసార్లు. అందుకే పాత లెక్కను ఇక్కడితో మూసేస్తున్నాను. కొట్టేయడం లేదు. మూసి పక్కన పెడుతున్నానంతే.

ఇక నీ సంత గురించి. సంత లేని ఊరికి మార్కెట్ పట్టణమన్న బిరుదు దక్కదు. 1879 నాటి నీ మార్కెట్ హాలు రాతిదీ ఇనుముదీ. లోపల మాంసం కొట్టు, చీజ్ కొట్టు, రొట్టెల కొట్టు, బయట ఆవరణలో గుడారాల కింద కూరలు, పాత బట్టలు, పాత సామాన్లు. లాంకషైరు చీజ్ పొడి పొడిగా విరుగుతుంది, యార్క్‌షైరువాళ్లు తమదే గొప్పంటారు. ఈ తగువు తీరకూడదని నా కోరిక. సంతలో ధర ఒక వంతు, మాట మూడు వంతులు. కొట్టువాడికి మన మోకాలి నొప్పి సంగతి తెలిసుండాలి. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటరుకు అది తెలియదు. నీలో సూపర్‌మార్కెట్లూ ఉన్నాయి, నేనేమీ వాటిని దాచడం లేదు. హాలు కూడా ఉంది. అది గొప్ప.

గాంధీగారు వచ్చి వెళ్లాక అరవై డెబ్బై ఏళ్ల కథ అన్ని నేత ఊళ్ల కథే, తొందరగా చెప్పేస్తాను. మిల్లులు మూతపడ్డాయి. 1937తో కాలువ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పడవలు తిరగడం ఆగింది. బర్న్‌లీ వైపు నుంచి మాంచెస్టరుకు తిప్పే రైలు వంపు మీద 1965లో ప్రయాణికుల బళ్లు ఆగాయి, కొన్నేళ్లకు పట్టాలూ పీకేశారు. పిల్లలు పెద్దవాళ్లై పెద్ద ఊళ్లకు పోయారు. 2000లో మాన్స్ మిల్లును పడగొట్టారు. పొగ పోయింది. గాలి తేటపడింది. తేటపడిన గాలిలో ఊరు మరీ ఖాళీగా కనిపించింది.

ఈ ఖాళీని నింపడానికి మామూలుగా ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఒక కమిటీ, ఒక సర్వే, రంగుల బొమ్మలతో ఒక నివేదిక, దాని ఆవిష్కరణకు ఒక మంత్రి. మా వైపయితే ఒక శిలాఫలకం కూడా. నీ దగ్గర 2008లో జరిగింది వేరు.

పామ్ వార్‌హర్స్ట్ అనే ఆవిడ లండన్‌లో తిండి గురించీ వాతావరణం గురించీ ఒక ఉపన్యాసం విని రైల్లో ఇంటికి వస్తూ ఒక ఆలోచన చేసుకుంది. అందరికీ అర్థమయ్యే ఒకే ఒక్క భాష ఏది? తిండి. దిగీ దిగగానే మేరీ క్లియర్ అనే స్నేహితురాలి ఇంటికి పోయింది. మేరీ తన ఇంటి ముందు ప్రాణంగా పెంచుకున్న గులాబీలు తీసేసి కూరమొక్కలు వేసింది. గోడను తగ్గించింది. కావలసినవాళ్లు కోసుకోండి అని పలక పెట్టింది. మొదట్లో దారిన పోయేవాళ్లు చూసి పోయారు గానీ ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఉచితమంటే అనుమానం ఉంటుంది మనిషికి. ఇంగ్లీషువాడికి ఇంకాస్త ఎక్కువ. ఒక కేఫ్‌లో మీటింగు పెడితే ఇద్దరో ముగ్గురో వస్తారనుకున్నారు, అరవై మంది దాకా వచ్చారు. ఇన్‌క్రెడిబుల్ ఎడిబుల్ అని పేరు పెట్టుకున్నారు. అద్భుతమైన తిండి అన్నమాట. తినేవాళ్లందరూ మనవాళ్లే అన్నది వాళ్ల ఒకే ఒక్క సభ్యత్వ నిబంధన.

టాడ్‌మోర్డెన్! నీ వారగా ఉన్న జాగాలకు వెయ్యి దండాలు. రోడ్డు వార, కాలువ గట్టు వార, కారు నిలిపే చోటి వార, కుక్కలు కాలెత్తే గోడ వార. ఎవరిదీ కాని నేల, అందుకే ఎవరూ పట్టించుకోని నేల. నువ్వు పుట్టిందే హద్దు మీద కదా, హద్దు నేల విలువ నీకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? పోలీస్ స్టేషన్ ముందు మొక్కజొన్న లేచింది. పోలీస్ స్టేషన్ ముందు, నిజంగానే! పొత్తు విరుచుకుని పోతుంటే పోలీసు చూసి నవ్వే ఊరు ఇంకెక్కడుంది? ఆస్పత్రి ముందు ముళ్ల పొదలు తీసేసి పళ్లచెట్లూ మందుమొక్కలూ వేశారు. రైల్వే స్టేషన్‌లో పుదీనా, రోజ్‌మేరీ. శ్మశానంలోనూ వేశారు. అక్కడి మన్ను బాగా సారవంతమని పామ్ ఒక ఉపన్యాసంలో అంటే సభ ఘొల్లుమంది. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరి గ్రాంటు కోసమూ ఆగలేదు. పార తీసుకున్నారు, తవ్వారు.

రూబార్బ్ అని ఒక మొక్క ఉంది. గులాబీరంగు కాడ, పళ్లు పులిసేటంత పులుపు. యార్క్‌షైరుకు అది ప్రాణం. వేక్‌ఫీల్డ్ వైపు చీకటి కొట్టాల్లో పెంచి కొవ్వొత్తి వెలుగులో కోస్తారు. వృక్షశాస్త్రం ప్రకారం అది మన చుక్కకూరకు బంధువు, ఒకే కుటుంబం. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నీ మీద నాకు పరాయితనం పోయింది. పులుపు తెలిసిన నేల అది. పప్పులో వేస్తే ఎలా ఉంటుందోనని నాకు ఒక ఆలోచన ఉంది. ఆకు మాత్రం వేయకూడదు, అది విషం. కాడ మాత్రమే.

పెదవి విరిచేవాళ్లున్నారు. ఈ మడులు పదిహేను వేల మందికి ఒక పూట కూర కూడా కావు కదా అంటారు. వాళ్ల కూడిక తప్పు కాదు. ఈ మొక్కలు కడుపు నింపడానికని నాటినవాళ్లూ అనలేదు. పామ్ వాటిని ప్రచార తోటలంది. తలుపు తట్టే వంక అన్నమాట. పక్కింటావిడ పేరు పదేళ్లుగా తెలియనివాడు చిక్కుడు తీగకు కర్ర పాతుతూ ఆమె పేరు అడిగాడనుకోండి, దాని తూకం ఏ కాటా వేస్తుంది? పిల్లలకు బడిలో మన్ను పట్టుకోవడం తెలిసింది. సంతలో కొట్లవాళ్లు ఇది మా ఊరి సరుకని పలక మీద సుద్దతో రాసుకున్నారు. కోళ్లు పెంచేవాళ్ల ఇళ్లు గుర్తు పెట్టిన గుడ్ల పటం ఒకటి తయారయింది. ఎవరి పెరట్లో గుడ్లు దొరుకుతాయో ఊరంతటికీ తెలిసింది. కూరమడులు చూడ్డానికని బయటి ఊళ్ల నుంచి జనం రావడం మొదలయింది. చూడొచ్చిన మనిషి టీ తాగుతాడు, చీజ్ కొంటాడు, ఒక రాత్రి ఉంటాడు. వాళ్లను తిప్పడానికి స్టేషన్ నుంచి కాలువ మీదుగా సంత దాకా ఒక పచ్చని దారి గీశారు, కొట్ల ముందు నుంచి పోయేలా. తెలివైన దారి అది. తేనెటీగలకూ మేలు, గల్లాపెట్టెకూ మేలు.

ఫ్రాన్సు ఊళ్లు నిన్ను చూసి అదే పేరు తమ భాషలో పెట్టుకుని మడులు తవ్వాయి. ఆ తర్వాత ఇంకా ఎక్కడెక్కడో. మరబట్ట ఓడ మీద పోయింది, దాని వెనక ఫిరంగి ఉంది. ఈ విత్తనం వెనక ఏమీ లేదు.

కాలువ తిరిగొచ్చింది. ఎండిన లాకులు బాగుచేసి, పూడిన మేరలు తవ్వి, 2002లో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా మళ్లీ పడవ నడిపారు. లైబ్రరీ దగ్గరి నీ లాకుకు తలుపు పక్కకు తెరుచుకోదు, కత్తిలా పైకి లేస్తుంది. రైలు వంపు కూడా తిరిగొచ్చింది. అర కిలోమీటరు పట్టాలు. 2015 మే నెలలో బర్న్‌లీ నుంచి నీ మీదుగా మాంచెస్టరుకు మళ్లీ బండి పోయింది. పీకడం ఒక తరం పని, తిరిగి వేయించుకోవడం ఇంకో తరం పోరాటం. పీకేముందు ఎవరైనా ఇది గుర్తు పెట్టుకుంటే బాగుండును.

అదే ఏడాది క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26న, ఆ వానే, నేను దండం పెట్టిన వానే, నీ మీద విరుచుకుపడింది. కాల్డర్ గట్టు తెంచుకుంది. లోయ పొడవునా కొట్లూ ఇళ్లూ మునిగాయి. 2020 ఫిబ్రవరిలో సియారా తుపానుతో ఇంకోసారి. ఇరుకు లోయకు నీరు పారిపోయే దారి తక్కువ. కొండల మీది పీట్ నేల ఎండి కోసుకుపోతే నీటిని పట్టి ఉంచేదీ తక్కువే. వరద పోయాక ఇళ్లలో మిగిలే బురద వాసన మా కృష్ణా గోదావరి లంకలవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. పరుపు ఆరదు, గోడ ఆరదు, మనసు ఆరదు. చీపురూ బకెట్టూ పట్టుకుని పక్క వీధివాళ్లు వస్తారా రారా అన్నదొక్కటే అప్పుడు లెక్క. నీకు వచ్చారు. చిక్కుడు తీగ దగ్గర అడిగిన పేర్లు అక్కరకొచ్చాయని నేననుకుంటాను. రుజువు అడక్కండి.

2021లో ప్రభుత్వం పట్టణాల నిధి కింద నీకు 1.75 కోట్ల పౌండ్లు ఇస్తానంది. మంచిదే. డబ్బును తిట్టే ఓపిక నాకు లేదు. కానీ వరస చూడండి. ముందు కూరమడి, ఆ తర్వాత కోట్లు. మా ఊళ్లలో వరస తిరగబడుతుంది. ముందు కోట్లు మంజూరవుతాయి. మడి ఎప్పటికీ రాదు, రోడ్డు మధ్య డివైడరులో ఎవరూ తినలేని పూలమొక్కలు వస్తాయి. వాటికి ట్యాంకరు నీళ్లు.

నాకొక భయం కూడా ఉంది. ఊరు బాగుందని తెలిసేకొద్దీ మాంచెస్టరు, లీడ్స్ జీతగాళ్లు వచ్చి చేరతారు. ఇంటి అద్దె పెరుగుతుంది. గులాబీలు తీసి కూరలు వేసినవాళ్ల పిల్లలకు అదే వీధిలో ఇల్లు దొరకని రోజు వస్తే, ఆ వీధిలోని రోజ్‌మేరీ వట్టి అలంకారమే. పక్క ఊరు హెబ్డెన్ బ్రిడ్జి ఆ దారిలో నీకంటే ముందుంది. చూసి నడువు.

నీ బడికి కూడా ఒక దండం పెట్టాలి. జాన్ కాక్‌క్రాఫ్ట్, జెఫ్రీ విల్కిన్‌సన్. ఒకరికి 1951లో భౌతికశాస్త్రంలో నోబెల్, ఇంకొకరికి 1973లో రసాయనశాస్త్రంలో. ఇద్దరూ నీ పిల్లలే, ఒకే గ్రామర్ స్కూలు, ఇద్దరికీ పాఠం చెప్పింది లూక్ సట్‌క్లిఫ్ అనే ఒకే మాస్టారు. ఒకడు పరమాణువు గుండె పగలగొట్టినవాడు, ఇంకొకడు లోహపు పరమాణువును రెండు కర్బన వలయాల మధ్య బొబ్బట్టులో పూర్ణంలా కూర్చోబెట్టి చూపినవాడు. మేజర్ పంచాయతీకి రెండు నోబెళ్లు! ఆ మాస్టారికి ఒక వీధి విగ్రహం కూడా తక్కువే.

తల పైకెత్తితే స్టూడ్లీ పైక్ కనిపిస్తుంది. కొండ కొమ్మున నల్లటి రాతి స్తంభం. నెపోలియన్ ఓడాడని 1815లో కట్టారు. 1854లో క్రిమియా యుద్ధం ముంగిట్లో అది కూలింది. శకునమని జనం చెవులు కొరుక్కున్నారు. యుద్ధం ముగిశాక 1856లో మళ్లీ కట్టారు, ఈసారి 37 మీటర్ల ఎత్తున. లోపల చీకటి మెట్లు, పైన గాలి. ఆ గాలిలో నిలబడి చూస్తే కింద మూడు లోయలూ, పట్టాలూ, కాలువా, టౌన్‌హాలు కప్పూ కనిపిస్తాయి. కూరమడులు కనిపించవు. అంత ఎత్తు నుంచి కనిపించేటంత పెద్దవి కావవి.

వాటిని చూడాలంటే దిగాలి. మాంచెస్టరు విక్టోరియా స్టేషన్ నుంచి బండి సుమారు అరగంట. సొరంగం దాటగానే సంచి సర్దుకోండి, గొడుగు చేతిలో ఉంచుకోండి. దిగాక స్టేషన్‌లో మొక్కలు కనిపిస్తే ఒక రెమ్మ తుంచుకోండి. డబ్బులివ్వబోకండి, అక్కడ తీసుకునేవాళ్లు ఎవరూ ఉండరు.